డొప్పెడు కల్లు, అన్న చదువు

కూర్చో బిడ్డా. అట్లా గోడకు ఒరిగి కాదు, సరిగ్గా కూర్చొని విను. ఆ ఫోను బోర్లా పెట్టు. నా మాటలను పుస్తకాల తెలుగులోకి మార్చి రాసుకుంటానన్నావు కదా, రాసుకో, నాకేం పట్టింపు లేదు. మా వాళ్ళు అన్న మాటలు మాత్రం దిద్దావంటే ఊరుకోను. ఎవరు ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి.

పోయిన పెత్రమాసకు పెద్దలకు పెట్టేటప్పుడు నువ్వు అడిగావు. నానమ్మా, పెద్దలందరి ఇస్తార్ల దగ్గరా కల్లు పెట్టి, మీ అన్న ఇస్తారి దగ్గర మాత్రం చాయ్ ఎందుకు పెడతావు అని. ఇంకోటి కూడా అడిగావు. మీ పెద్దబాపుకు అసలు ఇస్తారే ఎందుకు వేయవు అని. అప్పుడు కసురుకున్నాను. ఇవాళ మళ్ళీ పెత్రమాస వచ్చింది, మీ అమ్మ పొద్దున్నుంచి గారెలు వేస్తోంది, ఆ నూనె వాసనకు నా కడుపులో మంట లేస్తోంది. అది ఆకలి మంట కాదు. రాసుకో.

మొదటిసారి ఎలక్షన్లు అయిన మరుసటి ఏడు అది. మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. మా బాపు హిమాయత్‌నగర్‌లో ఒక వకీలు దగ్గర మోటారు నడిపేవాడు. ఊళ్ళో ఎడ్లను తోలిన మనిషి, పట్నం వచ్చి మోటారు నేర్చాడు. బండి ఎదురుగా ఎవరైనా వస్తే హారన్ కొట్టడం మరిచిపోయి 'హో హో' అనేవాడని అన్న ఎగతాళి చేసేవాడు. అన్నకు కూడా బాపే మోటారు నేర్పాడు, లైసెన్సు కూడా ఇప్పించాడు.

అన్న ఆలస్యంగా బడిలో పడ్డాడు. ఊళ్ళో మేకలు కాసి, ఆ తర్వాత పట్నం వచ్చి చదివాడు. మా వంశంలో మెట్రిక్ పాసైన మొదటి మనిషి. ఆ ఏడు ఇంటర్ రెండో సంవత్సరం. డాక్టరు కావాలని పిచ్చి. ఇంటికి ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు. పండుగకు తెచ్చిన మేక నాడి కూడా చూశాడు. "దీనికేం రోగం లేదు, కోయొచ్చు" అంటే మా అమ్మ నవ్వలేక చచ్చింది. పరీక్ష పాసై, నడవడిక మంచిదని ప్రిన్సిపాల్ రాసిస్తే, డాక్టరు చదువుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ రెండిటి మీదే మా ఇల్లంతా కన్నేసుకుని కూర్చుంది.

ఇక పెద్దబాపు. మా బాపుకు సొంత అన్న. నాంపల్లిలోనే బొగ్గు డిపో దగ్గర కావలి ఉండేవాడు. పెద్ద రుమాలు చుట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంటే, మా బాపు నేల మీద కూర్చునేవాడు. మా ఇంట్లో కూర ఏం వండాలో కూడా ఆయనే చెప్పాలి. మా అమ్మ ఆయన ఎదుటికి వచ్చేది కాదు. బావ కదా, మాలో మొగుని అన్నతో ఎదురుగా మాట్లాడరు. కొంగు కప్పుకుని తలుపు వెనక నిలబడి నాతో చెప్పేది, నేను ఆయనకు చెప్పేదాన్ని. ఆయన నాతో చెప్తే నేను అమ్మకు చెప్పాలి. ఇద్దరి మధ్యా ఒక్క చెక్క తలుపు. ఇద్దరికీ అన్నీ వినబడుతూనే ఉండేవి. అయినా నేను చెప్పాల్సిందే.

పెత్రమాస నాడు మధ్యాహ్నం పెద్దలకు పెట్టారు. ఇస్తార్లు వేసి, కూర, గారెలు పెట్టి, సాంబ్రాణి వేసి, పెద్దబాపు కుండలో నుంచి కల్లు తీసి నేల మీద సాక పోశాడు. ఆ తర్వాత ఇంటి పెద్దకొడుకు మొదటి డొప్ప తాగాలి. అది మా ఆచారం. అన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒద్దు పెద్దబాపు. సదువుకోవాలె."

"సదువుకు కల్లు అడ్డమా? మీ తాత తాగలేదా? నేను తాగలేదా?"

"మీరు సదువుకోలేదు గద."

"ఓహో! గప్పుడే సదువు నెత్తికెక్కిందారా? పెద్దల సాక తొక్కిపోతవా? పో మరి, వాళ్ళే సూస్తరు నిన్ను."

బాపు కళ్ళతోనే బతిమాలాడు. అన్న డొప్ప అందుకున్నాడు. ఒక్కటితో ఆగుతుందా? ఆకు డొప్ప, కింద పెడితే ఒరిగిపోతుంది, చేతిలోనే ఉండాలి. చేతిలో ఉంటే పెద్దబాపు పోస్తూనే ఉంటాడు. నేను అక్కడే కూర్చుని బతుకమ్మకు తంగేడు పూలు సర్దుతున్నాను. నా కళ్ళతో చూశాను. అన్న వద్దన్నాడు, ఆయన పోశాడు. ఈ మాట గుర్తుపెట్టుకో.

అప్పుడు వకీలు ఇంటి నుంచి మనిషి వచ్చాడు. రైలుకు అల్లుడు దిగుతున్నాడట, స్టేషన్‌కు మోటారు కావాలట. బాపుకు ఆ రోజు సెలవు. లేవబోయి గోడ పట్టుకున్నాడు. అన్న బాపును చూసి, "నువ్వు కూసో బాపు, నేను పోత. నాకేం ఎక్కలే" అన్నాడు. పెద్దబాపు వీపు తట్టాడు. "పో బిడ్డా, ఇది మందా ఏంది, పెద్దల ప్రసాదం. జర హుషారుగ పోతవ్."

హుషారుగానే పోయాడు. హిమాయత్‌నగర్‌లో బండి తీసి ఆబిడ్స్ దాకా వచ్చాడు. చౌరస్తా మలుపులో ఒక రిక్షా అడ్డం వచ్చింది. "కండ్లకు కనబడ్డది చెల్లె, కాలికి తెల్వలే" అని తర్వాత నాకు చెప్పాడు. బ్రేకు మీదికి కాలు పోయేసరికి రిక్షా బోర్లా పడింది. తొక్కేవాని భుజం ఎముక విరిగింది. ఇంకా నయం, ప్రాణం పోలేదు. బండి పోయి పోలీసు నిలబడే దిమ్మెకు తగిలి ఆగింది. పోలీసు ఎగిరి పక్కకు దూకి, అన్న కాలరు పట్టుకుని నోరు వాసన చూశాడట.

మా అన్న తప్పు లేదని నేను చెప్పను. కల్లయినా, సారా అయినా, కాలికి తెలియకపోతే అది మత్తే. మరునాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు అన్నం పట్టుకుపోయింది. రిక్షా ఆయన పాపం ఏమీ అనలేదు. ఆయన పెళ్ళాం మాత్రం గిన్నె తీసుకుని మమ్మల్ని కడిగేసింది.

"కాలేజి సదివే బిడ్డడట! మా ఆయనకు అచ్చరం ముక్క రాదు. తాగినా రిక్షా సక్కగనే తొక్కుతడు. ఏం నేర్పిస్తున్నరమ్మా మీ కాలేజిల?"

అమ్మ తల వంచుకుంది.

వకీలు బాపును పనిలో నుంచి తీసేశాడు. కాళ్ళావేళ్ళా పడితే కోర్టుకు తన దగ్గర పనిచేసే ఒక కుర్ర వకీలును పంపాడు. ఆయన మంచివాడే. నాంపల్లి కోర్టు మెట్ల మీద మా అందరినీ నిలబెట్టి చెప్పాడు. "డాక్టరు నోట్ల వాసన ఉన్నదని రాసిండు గని, సక్కగనే నడిచిండని కూడ రాసిండు. ఏం తాగిండో, ఎంత తాగిండో రుజువు లేదు. బ్రేకు పట్టలేదని నేను చెప్త. మీరెవ్వరు నోరు తెరవొద్దు. ముసలాయనా, నీకే చెప్తున్న."

పెద్దబాపు కొత్త రుమాలు చుట్టుకుని వచ్చాడు. కోర్టు గదిలో మేజిస్ట్రేటు కాగితాలు తిప్పి, అన్న మొహం చూసి, "పిల్లవాని పెద్దలెవరు?" అని ఉర్దూలో అడిగాడు. కుర్ర వకీలు లేచేలోపలే పెద్దబాపు లేచాడు.

"నేనే హుజూర్. మా పిల్లగాడు తాగడు. మా ఇంట్ల తాగుబోతులే లేరు. ఆ దినం పెద్దలకు పెట్టినం. సాక కల్లు నేనే పోసిన. గంతే."

కల్లును వాళ్ళ భాషలో సేంధీ అంటారు. మేజిస్ట్రేటు కలం పట్టుకుని అడిగాడు. "సేంధీ పియా?"

"ఔ హుజూర్, సేంధీయే! షరాబ్ నై! పండుగకు పోస్తం, పెండ్లికి పోస్తం, బాలింతకు పోస్తం. అది తాగుడెట్లయితది?"

కోర్టంతా నవ్వింది. కుర్ర వకీలు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నవ్వుతున్నారంటే తన మాట నచ్చిందనుకుని పెద్దబాపు అన్న వైపు తిరిగి తల ఊపాడు, ఫికర్ చేయకు అన్నట్టు. మేజిస్ట్రేటు నవ్వలేదు, రాసుకున్నాడు.

జుర్మానా వేశారు, లైసెన్సు ఆపారు, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమన్నారు. శిక్ష అంతే. మా వాళ్ళు జైలు అనుకుని వణుకుతూ వచ్చారు కదా, కొడుకు సాయంత్రానికి ఇంటికి వస్తున్నాడంటే కేసు కొట్టేశారనే అనుకున్నారు. పెద్దబాపు దారిలో జిలేబీ కొన్నాడు. సందులో అందరికీ పంచాడు. "కోర్టుల ఉన్నదున్నట్టు చెప్పిన, హుజూర్ ఇడిచిపెట్టిండు" అని ఇంటింటికీ చెప్పుకున్నాడు. అన్న ఒక్కడే జిలేబీ ముట్టలేదు. వాడు చదువుకున్నవాడు, శిక్ష పడిందని వానికి అర్థమైంది. నాతో మెల్లగా అన్నాడు. "చెల్లె, ఆయన కండ్ల ముందట నేను ఖైదీనైన. ఆయన మిఠాయి పంచుతుండు."

కాలేజీకి ఆ మాట మాకన్నా ముందే చేరింది. బాపును తీసుకురమ్మని ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు. బాపు ఒక్కడే పోవడానికి భయపడి నన్ను తీసుకుపోయాడు. ఇక్కడి వాళ్ళకే నౌకర్లు ఇయ్యాలని పిల్లలు రోడ్డెక్కిన ముల్కీ గొడవ జరిగి ఏడాదే అయింది, కాలేజీల్లో పిల్లలంటేనే అనుమానంగా చూసేవాళ్ళు. ఆ ప్రిన్సిపాల్ ఆంధ్ర వైపు మనిషి. మేము నోరు తెరిస్తే పెదవి చివర నవ్వు ఆపుకునేవాడు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఏమయ్యా, మీ ఇంట్లో పిల్లలకి మీరే పట్టించి తాగిస్తారా?"

"కల్లే సార్."

"కల్లే అంటాడు! చిన్నపిల్లలకి కూడానా?"

బాపు నిజాయితీ ఏం చెప్పను? "దగ్గొస్తే జర పోస్తం సార్" అన్నాడు.

ప్రిన్సిపాల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను దగ్గు వచ్చినా ఆపుకుని నిలబడ్డాను.

అయినా ఆయన ఒక దారి చూపించాడు. ఆ మాట అబద్ధం చెప్పకూడదు. శిక్ష పడిన కుర్రవాణ్ణి పరీక్షకు పంపడం కుదరదు, నడవడిక మంచిదని రాయడం అసలే కుదరదు అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. "కోర్టులో మీ అన్నగారే పోశానన్నారట కదా. ఆయన వచ్చి, కుర్రవాడు వద్దంటే నేనే బలవంతపెట్టాను, తప్పు నాది అని నా ముందర ఒప్పుకోవాలి. ఇకమీదట ఇంట్లో ఆ పని చేయనని మాటివ్వాలి. అప్పుడు కమిటీతో నేను మాట్లాడతాను. చదివే కుర్రవాడే, నాకు తెలుసు."

బాపు ఇంటికి దాదాపు పరుగెత్తాడు. ఇంతేనా! వచ్చి ఒక మాట చెప్తే అయిపోయే! అన్న మాత్రం విని, "పెద్దబాపు చెప్పడు" అన్నాడు, అంతే.

ఆ సాయంత్రం పెద్దబాపు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. బాపు నేల మీద. అన్న గడప బయట. అమ్మ తలుపు వెనక. నేను తలుపు పక్కన. అమ్మ మొదలుపెట్టింది.

"మీ పెద్దబాపుకు చెప్పు బిడ్డా, రేపు జర కాలేజికి పోయి రమ్మని."

చెప్పాను.

"మీ అమ్మకు చెప్పు, కాలేజిల నాకేం పని అని."

"చెప్పు, పిల్లగాడు ఒద్దన్నా నేనే పోసిన అని చెప్పాలె, గంతే అని."

"చెప్పు మీ అమ్మకు, నేను నీళ్ళు పోయలే, ఇషం పోయలే, నా తాత తాగింది పోసిన అని. తప్పంటే నా తాతది తప్పన్నట్టు. గా కండ్లద్దాలోని ముంగట పోయి నా పెద్దలను తిట్టుకోవాల్నా?"

"చెప్పు, పెద్దలను తిట్టమంటలేరు, ఉన్నదున్నట్టు చెప్పమంటున్నరు అని."

"కోర్టుల ఉన్నదున్నట్టే చెప్పిన అని చెప్పు!"

"చెప్పు, కోర్టుల చెప్పాల్సింది ఇడిచిపెట్టి చెప్పరానిది చెప్పిన్రని! ఒద్దన్న పిల్లగాని చేతుల పెట్టింది చెప్పలేదని!"

నేను అన్నీ చెప్పాను బిడ్డా, ఒక్క అక్షరం తగ్గించకుండా. నాకు పన్నెండేళ్ళు. ఆ ఇంట్లో ఆయన మొహం చూసి ఆ మాటలు అనే ధైర్యం ఎవరికీ లేదు, ఆచారం నాకు ఆ పని ఇచ్చింది. చివరికి చివరికి అమ్మ చెప్పిన దానికన్నా గట్టిగానే చెప్పాను. పెద్దబాపు నా మీద చెయ్యెత్తాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అమ్మ బయటికి వచ్చింది. కొంగు తల మీద లేదు. నా జన్మలో మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడింది.

"బావా. నీ పెద్దలు సచ్చిపోయిన్రు. నా కొడుకు బతికున్నడు. ఎవలి ఇజ్జత్ ముందుగాల సూస్తవ్?"

ఆయన అమ్మకు జవాబివ్వలేదు. నాకూ చెప్పలేదు. గోడకు చెప్పాడు. "ఇగ ఈ ఇంట్ల నాకు నీళ్ళు ముట్టయ్." రుమాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. బాపు అమ్మ మీద పడ్డాడు, ఎదురుగా ఎందుకొచ్చినవని. చదువు సంగతి పక్కకు పోయింది, కొంగు సంగతి పెద్దదైంది. చూశావా మా వాళ్ళ తెలివి!

మరి ఆయన పోలేదా అంటావు. పోయాడు. అదే అసలు దరిద్రం. తెల్లవారి ఎవరికీ చెప్పకుండా పోయాడు. పొద్దున్నే చెట్టు మీది నుంచి దించిన కల్లు, ఇత్తడి చెంబు తళతళ తోమించి, దాంట్లో పోయించుకుని, మీద ఆకు మూసి, ప్రిన్సిపాల్ గదిలోకి పోయి బల్ల మీద పెట్టాడు. కాలేజీ గుమస్తాలు తర్వాత వీధి వీధంతా నటించి చూపించారు కనుక నాకు తెలుసు.

"సారూ, ఇదే నేను పోసింది. మీరే జర రుచి సూడుండ్రి. ఇది మందైతే నన్ను కొట్టుండ్రి. పిల్లగాన్ని పరీచ్చకు పంపుండ్రి."

బలవంతపెట్టాను అనలేదు. వద్దన్నాడు అనలేదు. ఆయన లెక్కలో అది గొప్ప మర్యాద. పెద్దవాళ్ళింటికి పోతే వట్టి చేతులతో పోము కదా! తన పెద్దలను తక్కువ చేయకుండా, తమ్ముని కొడుకు చదువు కూడా నిలబెట్టే ఉపాయం కనిపెట్టానని పొంగిపోతూ పోయి ఉంటాడు.

ప్రిన్సిపాల్ జవానును పిలిచాడు. జవాను చెంబు తీసుకుపోయి మురికినీళ్ళ మోరీలో పోసి, ఖాళీ చెంబు తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టాడు. కాలేజీలోకి కల్లు తెచ్చే ఇంటి పిల్లవాడు మాకు వద్దని, ఆ పూటే అన్న పేరు కొట్టేశారు.

పెద్దబాపు తిన్నగా మా ఇంటికే వచ్చాడు, నీళ్ళు ముట్టనన్న ఇంటికి. ఖాళీ చెంబు చూపించి ఏడ్చాడు. దేనికి ఏడ్చాడో తెలుసా? "నా పెద్దలను మోరీల పోసిండు రా" అని. అన్న అక్కడే నిలబడి ఉన్నాడు, పుస్తకాలు చంకలో. వాని చదువు ఏ మోరీలో పడిందో ఆయనకు కనబడలేదు.

అన్న నాంపల్లిలోనే ఒక మోటారు షెడ్డులో పనికి కుదిరాడు. కొన్నేళ్ళ తర్వాత ప్రైవేటుగా కట్టి ఇంటర్ పాసయ్యాడు కూడా. అయినా డాక్టరు చదువుకు నడవడిక కాగితం కావాలి, పాత కాలేజీ నుంచే తేవాలి. వాళ్ళు ఇవ్వలేదు. ఆ తర్వాత ఎవరి నాడీ పట్టుకోలేదు. పెళ్ళి వద్దన్నాడు. కల్లు వాసన వస్తే లేచి బయటికి పోయేవాడు. సాయంత్రం ఆబిడ్స్ దాకా నడిచి ఒక చాయ్ తాగి వచ్చేవాడు, అదొక్కటే వాని షోకు.

నాకు వాని మీద కూడా కోపమే. పెద్దబాపు పోయాక ప్రతి పెత్రమాసకూ ఆయనకు మొదటి ఇస్తారి వాడే వేసేవాడు. ముక్కు మూసుకుని కల్లు కూడా పోసేవాడు. ఒకసారి అడిగేశాను.

"ఎట్ల పెడ్తవన్నా? సేతులెట్లొస్తయి నీకు?"

"ఆయన అబద్ధం ఆడలేదు గద చెల్లె."

అబద్ధం ఎవడు ఆడమన్నాడు! ఆ ప్రిన్సిపాల్ అడిగింది నిజమే. నేను చూసిన నిజం. వద్దన్న చేతిలో డొప్ప పెట్టిన నిజం. ఆయన మొండితనానికి నిజాయితీ అని పేరు పెట్టి, నా అన్న తన బతుకంతా దానికి దండం పెట్టాడు. నేను పెట్టను. మంచికే పోయాడంటారు మా వాళ్ళు. మంచికి పోయినవాని చేతిలో నా అన్న చదువు ఎందుకు చచ్చిందో ఎవరూ చెప్పరు. వానికి పిల్లలు లేరు కనుక వాని ఇస్తారి నా ఇంట్లో పడుతోంది. ఇక్కడ నా మాటే నడుస్తుంది. కల్లు పెట్టొద్దు, చాయ్ పెట్టాలి. ఆ మనిషికి మాత్రం...

"అత్తమ్మా! రాండ్రి, అందరికి ఇస్తార్లు ఏసినం. మీ అన్న కాడ చాయ్ పెట్టిన, సల్లగైతది. ముందుగాల తినుండ్రి, కథలు తర్వాత!"

ఆఁ, వస్తున్నా, వస్తున్నా. మీ అమ్మకు ఆగడం రాదు. నువ్వు ఆ ఒక్క మాట రాసుకొని లే బిడ్డా. ఆ మనిషికి ఈ ఇంట్లో ఇస్తారి ఎప్పుడు పడుతుందంటే, ఆయన ఆ ఖాళీ చెంబు పట్టుకొని వచ్చి, నా అన్న ముందర నిలబడి, ఒక్కసారైనా "నువ్వు ఒద్దన్నా నేనే పోసిన బిడ్డా" అన్ననాడు.